సగం ధరకు వైన్: తగ్గింపు వెనుక కారణం ఏమిటి?

బ్రిటన్‌లో ఆన్‌లైన్‌లో వైన్ కొనేవారికి తరచూ కనిపించేది ఇదే: సీసా బొమ్మ, పక్కన అడ్డగీత కొట్టిన 12 పౌండ్లు, దాని కింద పెద్ద ఎర్ర అంకెల్లో 6 పౌండ్లు. చూడగానే పన్నెండు పౌండ్ల సరుకు ఆరుకే దొరుకుతోందని మనసు లెక్క వేసేస్తుంది. ఆ లెక్క ఎంతవరకు నిజమో బిరడా తీయకముందే చాలావరకు తేల్చుకోవచ్చు. అందుకు పనికివచ్చే ఆధారాలు కొన్ని మనస్తత్వ పరిశోధనలో, కొన్ని పన్నుల పట్టికలో, కొన్ని సీసాలో జరిగే రసాయన చర్యల్లో ఉన్నాయి. కొట్టేసిన ధరను పూర్తిగా మరచిపోయి, ఈ సీసా ధర ఎందుకు తగ్గిందని మాత్రమే అడగాలని నా అభిప్రాయం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మద్యాన్ని చట్టబద్ధంగా ఇంటికి తెప్పించుకునే ఏర్పాటు లేదు. కాబట్టి ఇది లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉంటున్న తెలుగువారికి ఎక్కువగా పనికివస్తుంది. హైదరాబాద్‌లో సీసా ఇంటికి పంపిస్తామంటూ ముందుగా డబ్బు కట్టమనే వెబ్‌సైట్లను మాత్రం నమ్మవద్దు.

కొట్టేసిన ధరను మరచిపోవడం అంత తేలిక కాదని చూపిన ప్రయోగం ఒకటి ఉంది. అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులతో చేసిన ఆ ప్రయోగాన్ని డాన్ ఏరియెలీ, జార్జ్ లోవెన్‌స్టీన్, డ్రేజెన్ ప్రెలెక్ 2003లో ప్రచురించారు. విద్యార్థుల ముందు పెట్టిన వస్తువుల్లో రెండు వైన్ సీసాలు ఉన్నాయి. ఒకటి ఫ్రాన్స్‌లోని రోన్ లోయకు చెందిన సాధారణ వైన్, రెండోది అదే లోయ నుంచి వచ్చిన పేరున్న వైన్. విద్యార్థులు ముందుగా తమ సోషల్ సెక్యూరిటీ నంబరు (అమెరికాలో ఒక్కొక్కరికి ఇచ్చే గుర్తింపు సంఖ్య)లోని చివరి రెండు అంకెలను రాసి, అన్ని డాలర్లకు ఆ వస్తువును కొంటారో లేదో చెప్పాలి. ఆ తర్వాత గరిష్ఠంగా ఎంత ఇస్తారో రాయాలి. సాధారణ వైన్‌కు చిన్న అంకెలున్న అయిదో వంతు విద్యార్థులు రాసింది సగటున 8.64 డాలర్లు, పెద్ద అంకెలున్న అయిదో వంతు వారు రాసింది 27.91 డాలర్లు. వైన్‌తో ఏ సంబంధమూ లేని అంకె ధరను మూడు రెట్లు చేసింది. అయినా పేరున్న సీసాకు సాధారణ సీసా కంటే ఎక్కువ ఇవ్వాలన్న వివేకం మాత్రం అన్ని గుంపుల్లోనూ నిలిచింది. రెండింటిని పోల్చడం మనకు వచ్చు. ఒకే వస్తువును విడిగా చూసి వెల కట్టమంటేనే తడబడతాం. అటువంటప్పుడు దుకాణంవారే ఒక అంకె రాసి గీత కొట్టి చూపిస్తే, మన అంచనా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఆ అంకె నిజమైనదేనా అన్నది మరో ప్రశ్న. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, తగ్గింపు ప్రకటించే దుకాణం గడచిన 30 రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరను పాత ధరగా చూపాలి. బ్రిటన్ అప్పటికే యూనియన్ నుంచి బయటకు వచ్చింది. అక్కడ తప్పుదారి పట్టించే ధరలను నిషేధించే చట్టాలు ఉన్నాయి గానీ, ఇంత సూటి నియమం లేదు. అందుకే సీసా పేరును, సంవత్సరాన్ని మరో రెండు మూడు దుకాణాల్లో వెతకడం మంచిది. వేరేచోట అదే సీసా 11 పౌండ్లకు అమ్ముడవుతుంటే తగ్గింపు నమ్మదగినదే. ఎక్కడా దొరకకపోతే, అది ఆ ఒక్క దుకాణం కోసమే నింపిన వైన్ కావచ్చు. అలాంటివన్నీ చెడ్డవని అనలేం. కానీ దాని పాత ధరను సరిచూసుకోవడానికి బయట కొలమానం ఏదీ ఉండదు.

ఇక నాకు అన్నిటికంటే బలంగా తోచే ఆధారం పన్నుల లెక్క. బ్రిటన్‌లో 2023 ఆగస్టు నుంచి 2025 జనవరి చివరి వరకు, 11.5 నుంచి 14.5 శాతం ఆల్కహాలు ఉన్న 75 సెంటీలీటర్ల సీసా మీద ఎక్సైజ్ సుంకం 2.67 పౌండ్లు. ఆ తర్వాత సుంకం ఆల్కహాలు శాతాన్ని బట్టి మారుతోంది గానీ, అది సీసా ధరను బట్టి మారదన్నది అప్పటికీ ఇప్పటికీ ఒకటే. సుంకం కలిపిన ధర మీద మళ్లీ 20 శాతం వ్యాట్. ఆ 2.67 అంకెతోనే లెక్క వేద్దాం. 6 పౌండ్ల సీసాలో వ్యాట్ ఒక పౌండు, సుంకం 2.67 పోగా మిగిలేది 2.33 పౌండ్లు. గాజు సీసా, బిరడా, లేబుల్, ఓడ రవాణా, దుకాణం లాభం, చివరికి ద్రాక్షరసం అన్నీ అందులోనే సర్దాలి. 12 పౌండ్ల సీసాలో వ్యాట్ 2 పౌండ్లు, సుంకం అదే 2.67, మిగిలేది 7.33. ధర రెట్టింపు అయితే సీసాలోని సరుకు కోసం మిగిలే సొమ్ము మూడు రెట్లు దాటింది. అంటే నిజంగా 12 పౌండ్ల వైన్‌ను ఆరుకు అమ్మాలంటే ఎవరో ఒకరు ఆ 7.33లో 5 పౌండ్లు వదులుకోవాలి. గిడ్డంగి ఖాళీ చేసుకోవడానికి కొద్ది పెట్టెల మీద ఎవరైనా ఆ పని చేయవచ్చు. నెలకోసారి, ఏడాది పొడవునా వచ్చే సగం ధర విషయంలో అది జరిగే పని కాదు. అలాంటప్పుడు ఆ వైన్ మొదటినుంచీ 6 పౌండ్ల వైనే.

నిజంగా ధర పడిపోవడానికి కారణాలు లేకపోలేదు. కొత్త సంవత్సరపు పంట రాగానే పాత సంవత్సరపు చివరి సీసాలు తగ్గింపుకు వస్తాయి. దిగుమతిదారు మారినా, లేబుల్ మారినా అంతే. కొన్నిసార్లు ఒక దేశపు వైన్ అంతా చౌక అవుతుంది. చైనా 2021 మార్చిలో ఆస్ట్రేలియా వైన్ మీద 218 శాతం వరకు సుంకాలు ఖరారు చేసింది. 2024 మార్చి చివర్లో గానీ వాటిని ఎత్తివేయలేదు. ఆ మధ్యకాలంలో ఆస్ట్రేలియాలో, ముఖ్యంగా ఎర్ర వైన్ నిల్వలు పేరుకుపోయాయి. ఫ్రాన్స్ ప్రభుత్వమైతే 2023లో మిగులు వైన్‌ను బట్టీ పెట్టి పారిశ్రామిక ఆల్కహాలుగా మార్చడం వంటి సహాయానికి 20 కోట్ల యూరోలు ప్రకటించింది. ఇటువంటి సందర్భాల్లో ధర పడిపోయిందే తప్ప పీపాలోని రసం మారలేదు. కొనేవారికి అసలైన లాభం ఇక్కడే.

మరీ చౌక కావడమే మోసాన్ని పట్టించిన ఉదంతమూ ఉంది. దక్షిణ ఫ్రాన్స్‌లోని లిమూ ప్రాంతం నుంచి పినో నువార్ ద్రాక్ష వైన్ పేరుతో 2006–2008 మధ్య అమెరికాకు వెళ్లిన సరుకులో చాలావరకు చవక ద్రాక్షల రసమే. ఒక వర్తకుడు హెక్టోలీటరు (వంద లీటర్లు) 58 యూరోలకు కొంటుండగా, అసలు పినో నువార్ మార్కెట్ ధర 97 యూరోలు. పైగా ఆ ప్రాంతంలో పండేదాని కంటే అమ్మకమే ఎక్కువ. 2010 ఫిబ్రవరిలో కార్కాసోన్ కోర్టు 12 మందిని దోషులుగా తేల్చింది.

కారణం తెలిశాక చూడవలసింది వయసు. పాతదైతే మంచిదన్న మాట కొద్దిపాటి వైన్లకే చెల్లుతుంది. సోవిన్యోఁ బ్లాఁ ద్రాక్ష వైన్‌లోని పండ్ల వాసనకు మూలమైన గంధక సమ్మేళనాల్లో ఒకటి సీసాలోని నీటితోనే మెల్లగా విడిపోతుంది, దాంతో ఏడాది రెండేళ్లలో ఆ తాజాదనం తరిగిపోతుంది. రక్షణగా కలిపే సల్ఫర్ డయాక్సైడ్ కూడా కాలంతో ఖర్చవుతుంది. అది తగ్గాక ఆక్సిజన్ ఆల్కహాలును అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది, కోసి వదిలేసిన యాపిల్ వాసన వస్తుంది. పినో గ్రీజియో తెల్ల వైన్లు, బుడగలు వచ్చే ప్రొసెక్కో, ‘రోజే’ అనే మామూలు గులాబీరంగు వైన్లు మూడు నాలుగేళ్లు నిలిచి సగం ధరకు వస్తే, ఆ తగ్గింపు మీకు లాభం కాదు.

ఎర్ర వైన్ సంగతి కొంత వేరు. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వచ్చే టానిన్లు నోటికి పిందె జామకాయ కొరికినట్లు వగరుగా తగులుతాయి. ఏళ్ల తరబడి అవి రంగు పదార్థాలతో కలిసి పెద్ద అణువులవుతాయి. వగరు మెత్తబడుతుంది, ఊదారంగు ఇటుక రంగువైపు తిరుగుతుంది, అడుగున మడ్డి చేరుతుంది. అయితే పులుపు, టానిన్లు, పండు సారం మొదటే దండిగా ఉన్న వైన్‌కే ఈ మార్పు మేలు చేస్తుంది. ఫ్రాన్స్‌లోని బార్దో, ఇటలీలోని బరోలో ప్రాంతాల మంచి ఎర్ర వైన్లు, పులుపెక్కువ ఉండే రీస్లింగ్ తెల్ల వైన్లు అలాంటివి. వీటిలో ఎనిమిదేళ్ల సీసా తగ్గింపులో కనిపిస్తే నేనైతే శ్రద్ధగా చూస్తాను.

వయసుతో పాటు నిల్వ కూడా ముఖ్యమే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. వైన్ నిలువకు 12–13 డిగ్రీలు అనుకూలమైనవి. వేడెక్కిన రసం వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, కాబట్టి బిరడా ఉబ్బి ఉన్నా, మెడ దగ్గర జిగురు చార కనిపించినా అనుమానించాలి. వెలుతురు కూడా హాని చేస్తుంది. నీలి, అతినీలలోహిత కాంతి వైన్‌లోని రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) మీద పడితే మెథియొనిన్ అనే అమినో ఆమ్లం విచ్ఛిన్నమై, ఉడికిన క్యాబేజీ వంటి దుర్వాసన పుడుతుంది. రంగులేని గాజు సీసాలకు ఈ ప్రమాదం ఎక్కువ. ఈ ఒక్క విషయంలో దుకాణం దీపాల కింద నిలబెట్టిన సీసా కంటే అట్టపెట్టెలో చీకటి గిడ్డంగి నుంచి వచ్చే సీసాయే నయం.

పతకాల స్టిక్కర్లకు నేను అంత విలువ ఇవ్వను. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే విశ్రాంత ఆచార్యుడు కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల్లో ఒకే సీసా నుంచి పోసిన వైన్‌ను న్యాయనిర్ణేతలకు మూడుసార్లు ఇప్పించి చూశాడు. 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం, మూడుసార్లూ ఒకే పతకం స్థాయిలో మార్కులు వేసినవారు పదిమందిలో ఒకరు. ఆయనే మరుసటి ఏడాది 13 పోటీలను పరిశీలిస్తే, ఒకచోట బంగారు పతకం పొందిన వైన్లలో 84 శాతానికి మరోచోట ఏ పతకమూ రాలేదు.

ధర మన రుచినే మార్చేస్తుందన్నది ఇంకా ఆలోచింపజేసే విషయం. హిల్కె ప్లాస్‌మన్ బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో 5 డాలర్ల వైన్‌ను 45 డాలర్లని చెప్పి ఇస్తే, దాన్ని నిజం ధర చెప్పి ఇచ్చినప్పటి కంటే ఎక్కువ ఇష్టపడ్డారు. మెదడులో ఆనందంతో ముడిపడిన భాగం స్కానింగ్‌లో కూడా ఎక్కువ చురుకుగా కనిపించింది. అదే ఏడాది మరో బృందం ధర తెలియకుండా సాగిన ఆరువేలకు పైగా రుచి పరీక్షలను కూడి చూస్తే, శిక్షణ లేని మామూలు జనం ఖరీదైన వైన్‌ను చవకదాని కంటే స్వల్పంగా తక్కువే ఇష్టపడ్డారని తేలింది.

ఇంట్లోనే తేల్చుకోవడానికి ఆహార పరిశోధకులు వాడే పద్ధతి ఒకటుంది. తగ్గింపు సీసాను, మీకు నచ్చిన 8 పౌండ్ల సీసాను తీసుకుని, ఒక్కొక్కరికి మూడు గ్లాసులు ఇవ్వండి. రెండింటిలో ఒకే వైన్, మూడోదానిలో రెండో వైన్. తేడా గ్లాసు ఏదో చెప్పాలి, ఏది ఎక్కువ నచ్చిందో కూడా చెప్పాలి. ఆరుగురిలో కనీసం ఐదుగురు తేడాను సరిగ్గా పట్టుకుంటే, అది కేవలం అదృష్టం అయ్యే అవకాశం 2 శాతం కంటే తక్కువ. ఇద్దరు ముగ్గురే పట్టుకుంటే, ఖరీదైనది కొనడానికి ఆధారం లేదు.

అందుకే పన్నెండు సీసాల పెట్టె కొనేముందు ఒక్క సీసా తెప్పించుకోండి. వచ్చాక లేబుల్ మీది సంవత్సరం, తెరమీద చూపిన సంవత్సరం ఒకటేనా చూడండి. బ్రిటన్‌లో ఆన్‌లైన్ కొనుగోలును సరుకు అందిన 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు సాధారణంగా ఉంటుంది కనుక, ఈ తనిఖీ బిరడా తీయకముందే జరగాలి. తీశాక తడి అట్టముక్క వాసన వస్తే అది టీసీఏ అనే పదార్థం వల్ల. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా మన ముక్కు పట్టేస్తుంది. అది చౌక సీసాలోనూ ఖరీదైన సీసాలోనూ రావచ్చు. తగ్గింపులో కొన్నాం కదా అని మొహమాటపడకుండా దుకాణానికి రాసి డబ్బు వెనక్కి అడగండి.