సెకనుకు ఎన్ని 'ప'లు?

కందుకూరు నుంచి ఒకాయన అడిగాడు: "మా నాయనకి 76 ఏళ్ళు. పైపళ్ళు మొత్తం ఊడిపోయాయి, కింద ఆరో ఏడో మిగిలాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకోమంటే 'కాటికి కాళ్ళు చాపుకున్నోడికి పళ్ళెందుకురా' అంటాడు. ఏడాదిగా బాగా చిక్కిపోయాడు, బజారుదాకా నడిస్తే కూలబడుతున్నాడు. పళ్ళకీ కాళ్ళకీ ఏమన్నా సంబంధం ఉందా సార్?"

ఉంది. అసలు ఒంగోలు ఎడ్లను ఎరిగిన సీమలో ఈ సందేహం రావడమే వింత. మన బండలాగుడు పందేల్లో ఎడ్లను విడగొట్టేది పళ్ళను బట్టే కదా: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. సంతలో బేరం తెలిసినవాడు ముందు మూతి తెరిచి చూస్తాడు, మూపురం సంగతి ఆ తర్వాతే. పళ్ళు అరిగిన ఎద్దు ముందు ఎంత మేత వేసినా ఒళ్ళు చేయదని రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏనుగు కథ ఇంకా ఘోరం. దానికి దవడపళ్ళు ఒకదాని వెనక ఒకటిగా ఆరు విడతలు వస్తాయి. అరవై ఏళ్ళు దాటుతుండగా ఆ చివరి విడత కూడా అరిగిపోతే, అడవి నిండా పచ్చిక ఉన్నా నమల్లేక చిక్కిపోతుంది. ఎద్దుకూ ఏనుగుకూ ఒప్పుకున్న మాటను తాత దగ్గరికొచ్చేసరికి "వయసు అయిపోయిందిలే" అని దాటేస్తాం.

వయసు వేరు, దుర్బలత్వం వేరు. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం ఈ దుర్బలత్వానికి కొలతలు పెట్టింది. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఊరికే అలసిపోవడం, పిడికిలి బిగువు సడలడం, నడక మందగించడం, ఒళ్ళు కదలకపోవడం. ఈ ఐదింటిలో మూడుంటే దుర్బలుడు, ఒకటో రెండో ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. ఇలాంటి మనిషికి చిన్న జ్వరమొచ్చినా, బాత్రూంలో కాలు జారినా తిరిగి లేవడానికి నెలలు పడుతుంది.

నోటిని ఇందులోకి లాగింది జపాన్ వాళ్ళు. 80 ఏళ్ళ వయసులో 20 పళ్ళు మిగలాలని 1989లోనే '8020' పేరుతో ఉద్యమం మొదలుపెట్టారు. తర్వాత పళ్ళ లెక్కొక్కటే చాలదని తేల్చుకున్నారు. కాషివా అనే ఊళ్ళో 65 దాటిన రెండువేల మందికి పళ్ళు, నమిలే శక్తి, నాలుక ఒత్తిడి, గట్టి పదార్థాలు తినడంలో ఇబ్బంది, టీ తాగితే పొలమారడం, పలికే వేగం అన్నీ చూశారు. ఈ ఆరింటిలో మూడు దెబ్బతిన్నవాళ్ళు తర్వాతి రెండేళ్ళలో దుర్బలులయ్యే ప్రమాదం ఏదీ దెబ్బతిననివాళ్ళకు రెట్టింపు పైనే ఉందని 2018లో ప్రచురించారు.

నా మనసు దోచింది ఆ ఆరోది, పలికే వేగం. పరీక్ష ఇంతే: 'ప' అనే అక్షరాన్ని ఐదు సెకన్లపాటు ఎంత వేగంగా అనగలరో అనాలి. పపపపప... తర్వాత 'త', ఆ తర్వాత 'క'. సెకనుకు ఆరు కంటే తగ్గితే లోపమున్నట్టు. యంత్రం అక్కర్లేదు. అక్షరానికొక చుక్క చొప్పున కాగితం మీద పెట్టుకుంటూ పోయి, చివర్లో చుక్కలు లెక్కపెడితే సరి. ఐదు సెకన్లకు ముప్పై చుక్కలు రావాలి.

ఈ మూడు అక్షరాలే ఎందుకు? ఇక్కడ జపాన్‌ను వదిలి మన రెండో తరగతి పలక దగ్గరికి రండి. కవర్గం కంఠ్యాలు, తవర్గం దంత్యాలు, పవర్గం ఓష్ఠ్యాలు అని మనచేత వల్లె వేయించారు కదా! ఎందుకు వల్లె వేస్తున్నామో ఏ అయ్యవారూ చెప్పలేదు, మనమూ అడగలేదు. నిజానికి అది నోటి పటం. గొంతు దగ్గర క, పళ్ళ దగ్గర త, పెదాల దగ్గర ప. ఇప్పుడు అదే పటాన్ని ముద్దకు వర్తింపజేయండి. ముద్ద నోట్లో పడగానే పెదాలు మూసుకోవాలి, లేకపోతే రసం గడ్డం మీదికి కారుతుంది. అది 'ప' పని. నాలుక కొస ముద్దను అటూ ఇటూ తోసి దవడపళ్ళ కిందికి చేర్చాలి. అది 'త' పని. నలిగిన ముద్దను నాలుక వెనకభాగం పైకి లేచి గొంతులోకి నెట్టాలి. అది 'క' పని. అంటే 'పతక' అన్నప్పుడల్లా మనం ఉత్తుత్తి ముద్దనొకదాన్ని పెదాల నుంచి గొంతుదాకా నడిపిస్తున్నామన్నమాట. మెదడు నుంచి నేరుగా బయలుదేరే నాడులను కపాల నాడులంటారు. పెదాలను నడిపేది ఏడో కపాల నాడి, నాలుకను నడిపేది పన్నెండోది. వేగం తగ్గిందంటే కండరం పలచబడిందో, నాడి ఆజ్ఞ ఆలస్యమవుతోందో, రెండూనో.

మా మామయ్య మీద ప్రయోగించాను. ఆయన రిటైరైన తెలుగు మేష్టారు. 'ప' 32, 'త' 30 వచ్చాయి. 'క' దగ్గర 23కే ఆగిపోయారు. "కాఫీ తాగాక మళ్ళీ పెట్టు" అన్నారు. కాఫీ తాగుతూ పొలమారారు! సెకనుకు ఆరన్నది జపనీయుల నోటికి కట్టిన లెక్క, మన నోటికి అక్షరాలా అదే అనుకోనక్కర్లేదు. అయినా ఆ పొలమారడం చూశాక నాకు నవ్వు రాలేదు.

పొలమారడం చిన్న విషయం కాదు. నోట్లో పాచి పేరుకుని, ఆ లాలాజలం పొరపాటున ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్ళు చూశారు: రోజూ పళ్ళు శుభ్రం చేయించినవాళ్ళలో 11 శాతానికి న్యుమోనియా వస్తే, చేయించనివాళ్ళలో 19 శాతానికి వచ్చింది. తర్వాత అన్ని చోట్లా ఇంత తేడా కనిపించలేదు. కానీ బ్రష్ ఖరీదెంతో ఆలోచించండి.

అసలు నష్టం కంచంలో జరుగుతుంది. పళ్ళు కదిలినవాళ్ళు ముందు వదిలేసేవి చెనక్కాయలు, జంతికలు, జామకాయ. తర్వాత మాంసం. చివరికి మిగిలేవి ఇడ్లీ, చారన్నం, పెరుగన్నం. పెద్దవయసులో కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. 55 కిలోల మనిషికి 55 గ్రాములకు పైనే. ఆ మూడు మెత్తటి పూటలూ కలిపి 30 దాటడం కష్టం. లోటు తీర్చుకోవడానికి శరీరం సొంత కండనే కరిగిస్తుంది. తొడ కరుగుతుంది, పిడికిలి సడలుతుంది, దవడ కండరమూ నాలుకా కూడా కరుగుతాయి. దాంతో ఇంకా మెత్తటి తిండి. గానుగెద్దు తిరిగినట్టు ఇదంతా మళ్ళీ మొదటికే వస్తుంది.

నోటి నుంచి కండకు చేటు చేరే రెండో దారి చిగుళ్ళది. పళ్ళ మొదట్లో పేరుకున్న గారలో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి బాక్టీరియా కాపురముంటే చిగురు ఎప్పుడూ వాచే ఉంటుంది. అక్కడ పుట్టే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి వాపు సంకేతాలు రక్తంలో కలుస్తాయి. కాలేయం ఒంట్లో వాపుకు గుర్తైన సీ-రియాక్టివ్ ప్రోటీన్ తయారుచేస్తుంది, కండరంలో కట్టుబడి తగ్గి కూల్చివేత పెరుగుతుంది. షుగర్ ఉంటే చిగుళ్ళు పాడు, చిగుళ్ళు పాడైతే షుగర్ అదుపు తప్పుతుంది. మన వైపు పొగాకు అలవాటు ఎక్కువ. చుట్ట తాగేవాడికి చిగుళ్ళ నుంచి రక్తం తక్కువ కారుతుంది, నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది గనక. దాన్ని ఆరోగ్యమనుకుంటాడు.

'గార' అన్నాను, ఇక్కడో చిక్కుంది. మనం ఆ ఒక్క మాటనే రెండింటికి వాడతాం. ఒకటి పైన పేరుకునే గార, డాక్టరు గీకితే పోతుంది. ఇంకోటి ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల చిన్నప్పుడే పంటిలోపల పడ్డ మచ్చ, గీకినా పోదు. దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి తొలి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. కనిగిరి, దర్శి, పొదిలి అప్పట్లో నెల్లూరువే, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. పసుపుపచ్చ పళ్ళవాళ్ళంతా "మాది ఫ్లోరైడ్ గార, ఏం చేసినా పోదు" అని ఊరుకుంటే, దానిమీద పేరుకున్న రెండో గార చిగుళ్ళను తినేస్తుంది. "క్లీన్ చేయిస్తే పళ్ళు కదులుతాయ"న్నదీ ఇలాంటిదే. అప్పటికే కదిలిన పన్నును గార పట్టి నిలబెడుతుంది, అది పోగానే బండారం బయటపడుతుంది. పైపన్ను పీకిస్తే చూపు పోతుందన్న భయమైతే చదువుకున్నవాళ్ళకూ ఉంది. పైపళ్ళ నొప్పిని మోసేది ఐదో కపాల నాడి, చూపును మోసేది రెండోది. ఒకదాని ఊసు ఇంకోదానికి లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. పళ్ళు పోయినందుకే మనిషి కుంగాడని ఈ అధ్యయనాలన్నీ రుజువు చేయవు. పేదరికం పళ్ళనూ కండనూ ఒకేసారి తినగలదు. కట్టుడు పళ్ళూ మంత్రం కాదు. వాటి కొరుకు బలం సొంత పళ్ళలో నాలుగో వంతో ఐదో వంతో ఉంటుంది. పళ్ళు పెట్టించి, కంచంలో మళ్ళీ చారన్నమే వడ్డిస్తే డబ్బు దండగ.

కందుకూరు ఆయనకు నా జవాబు: ముందు నాయన బరువు చూడండి, ఎందుకు తగ్గాడో డాక్టరుకు చూపించండి. మిగిలిన ఆరేడు పళ్ళనూ చిగుళ్ళనూ కూడా చూపించండి. బీపీ మాత్రలతో నోరు ఎండిపోతోందేమో అడగండి. పళ్ళు వచ్చేలోపు ముళ్ళు ఏరిన చేప, ఉడికిన గుడ్డు, చిక్కటి పప్పు పెట్టండి. నెల్లూరు పక్కన ఉండి చేప దొరకదనకండి.

మా జేజికి ఒక్క పన్నూ లేదు. వక్కాకు మాత్రం వదల్లేదు. చిన్న ఇనప రోలొకటి పెట్టుకుని, ఆకూ వక్కా టంగుటంగున దంచుకుని దవడన పెట్టుకునేది. వీధి చివరికి వినబడేది ఆ చప్పుడు. అదే రోట్లో నాలుగు చెనగ్గింజలు దంచి బెల్లం కలిపి ఇవ్వొచ్చని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. చివరి నాలుగేళ్ళూ పెరుగన్నమే తిన్నది.