కోత తగ్గింది, ఆయుష్షు తగ్గలేదు

1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో, బార్న్స్ ఆసుపత్రిలో 48 ఏళ్ల ప్రసూతి వైద్యుడికి ఆపరేషన్ జరిగింది. ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సర్. పై భాగం తీస్తే సరిపోతుందనుకుని ఛాతీ తెరిచిన సర్జన్ ఎవార్ట్స్ గ్రాహంకు, కణితి అక్కడితో ఆగలేదని కనబడింది. దాంతో ఊపిరితిత్తి మొత్తాన్నీ తీసేశారు. రక్తనాళాలనూ శ్వాసనాళాన్నీ కలిపి గట్టిగా బిగించి కోశారు. ఖాళీ పడిన చోటు పూడుకోవాలని ఏడు పక్కటెముకలు కూడా తొలగించారు. ఇప్పుడు చదివితే మొరటుగానే తోస్తుంది. అయినా ఆ రోగి దాదాపు 30 ఏళ్లు బతికారు. గ్రాహం మాత్రం 1957లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే పోయారు. ఆయన విపరీతంగా సిగరెట్లు కాల్చేవారు. ఆ అలవాటుకూ ఈ జబ్బుకూ ఉన్న లంకెను 1950లో ఎర్న్‌స్ట్ విండర్‌తో కలిసి చూపించిందీ ఆయనే.

తర్వాతి తరాల సర్జన్లు, ఎంత తక్కువ తీస్తే చాలన్న ప్రశ్నతోనే కుస్తీ పట్టారు. ఊపిరితిత్తిలోని పెద్ద భాగాలను లోబులు అంటారు; కుడి ఊపిరితిత్తికి మూడు, ఎడమదానికి రెండు. కణితి ఉన్న లోబును, దగ్గరి లింఫ్ గ్రంథులతో సహా తీయడం ఆనవాయితీ అయింది. అంతకన్నా చిన్న ముక్క తీస్తే జబ్బు అదే చోట తిరగబెట్టడం ఎక్కువని 1995లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన తేల్చడంతో, చర్చ చాలాకాలం మూతపడింది.

దాన్ని మళ్లీ తెరిచింది జపాన్. ఊపిరితిత్తి అంచు వైపు ఉండి, 2 సెంటీమీటర్లు దాటని కణితులున్న 1,106 మందిలో సగం మందికి లోబు, మిగతా సగానికి లోబులోని చిన్న విభాగమైన సెగ్మెంటు మాత్రమే తీయాలని నిర్ణయించారు. 2022లో వచ్చిన ఫలితం విచిత్రంగా ఉంది. సెగ్మెంటు తీసినవారిలో జబ్బు స్థానికంగా తిరగబెట్టడం దాదాపు రెట్టింపు: 10.5 శాతం, లోబు తీసినవారిలో 5.4 శాతం. అయినా ఐదేళ్లకు బతికి ఉన్నవారు సెగ్మెంటు వర్గంలో 94.3 శాతం, లోబు వర్గంలో 91.1 శాతం. లోబు పోయినవారిలో వేరే జబ్బుల మరణాలు ఎక్కువ. సెగ్మెంటు తీసినవారికి ఎక్కువగా మిగిలిన ఊపిరితిత్తి తర్వాతి రోగాలనూ చికిత్సలనూ తట్టుకునే సత్తువ ఇచ్చిందన్నది ఒక వివరణ. నాకది సగమే ఒప్పుతుంది. ఎందుకంటే ఏడాది తర్వాత శ్వాస సామర్థ్యంలో రెండు వర్గాల మధ్య తేడా 3.5 శాతమే.

ఇదంతా కణితి చిన్నగా ఉండగా దొరికినప్పటి మాట. ఏళ్ల తరబడి బాగా పొగతాగినవారికి ఏటా తక్కువ మోతాదు సీటీ స్కాన్ తీస్తే ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గుతాయని 2011లోనే అమెరికాలో రుజువైంది. మన దగ్గర దగ్గూ, కళ్లెలో రక్తమూ కనబడితే ముందు గుర్తొచ్చేది క్షయ. కొందరికి నెలల తరబడి ఆ మందులే పడతాయి. అసలు జబ్బు బయటపడేసరికి చాలామందిలో అది మూడో దశకో నాలుగో దశకో చేరి ఉంటుంది. అప్పటికి ఆపరేషన్‌కు వీలు దాటిపోతుంది కనుక, లోబా, సెగ్మెంటా అని సర్జన్‌ను అడిగే అవసరమే చాలామందికి రాదు.