తలసీమియా పిల్లల గుండె: ఫెర్రిటిన్ కాగితంలో కనిపించని ఇనుము

అపోహ: రక్తపరీక్షలో ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను సూచించే ప్రొటీన్) 1000 లోపే ఉంది, గుండెకు ఢోకా లేదు.

వాస్తవం: అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. తలసీమియా పుట్టుకతో వచ్చే రక్తహీనత, ఈ పిల్లలకు తరచూ రక్తం ఎక్కించాల్సి వస్తుంది. అలా ఎక్కించిన ప్రతి యూనిట్ రక్తంతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. రోజూ సహజంగా బయటికి పోయేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఫెర్రిటిన్ జ్వరానికీ పెరుగుతుంది, కాలేయం వాచినా పెరుగుతుంది. పైగా ఇనుము తీసే మందులతో కాలేయం నెలల్లో తేలికపడుతుంది, గుండెకు ఏళ్లు పట్టొచ్చు. అందుకే ఫెర్రిటిన్ తగ్గి, కాలేయం బాగుపడ్డాక కూడా గుండెలో ఇనుము మిగిలే ఉండొచ్చు.

దాన్ని పట్టేది టీ2 స్టార్ ఎంఆర్ఐ, అంటే గుండెలోని ఇనుమును మిల్లీసెకన్ల అంకెతో అంచనా వేసే స్కాన్. గుండె రెండు జఠరికల (కింది గదుల) మధ్య గోడలో కొలుస్తారు. 20 మిల్లీసెకన్లు దాటితే మంచిది. 10, 20 మధ్య ఉంటే ఇనుము చేరినట్టు. 10 లోపైతే గుండె వైఫల్యం ముప్పు బాగా ఎక్కువ. ఇక్కడ లెక్క తలకిందులు: షుగర్ రిపోర్టు చదివే అలవాటుతో '8 వచ్చింది, తక్కువే కదా' అనుకోవద్దు.

అపోహ: ఎకో (గుండె అల్ట్రాసౌండ్) నార్మల్ వచ్చిందిగా, ఎంఆర్ఐ దేనికి?

వాస్తవం: పంపింగ్ దెబ్బతినేది ఆఖర్న. రక్తహీనత వల్ల ఈ పిల్లల గుండె మామూలుకన్నా గట్టిగా కొడుతుంది, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ఒక్కో దెబ్బకు గుండె గది బయటికి నెట్టే రక్తం శాతం) కూడా ఎక్కువే ఉంటుంది. 68 శాతం ఉన్నది 57కి దిగినా రిపోర్టులో 'నార్మల్' అనే రాసి ఉండొచ్చు. పాత కాగితాలు పక్కన పెట్టుకుని చూస్తేనే ఆ జారుడు తెలుస్తుంది.

అపోహ: ఎంఆర్ఐకి మత్తు, రంగు ఇంజెక్షన్ తప్పవు.

వాస్తవం: ఇనుము కొలవడానికి ఇంజెక్షన్ అక్కర్లేదు. చెప్పినప్పుడల్లా కొన్ని సెకన్లు ఊపిరి బిగబడితే చాలు, అందుకే సాధారణంగా పదేళ్ల వయసు దగ్గర మొదలుపెడతారు. ముందే ఇంట్లో సాధన చేయించండి. ఊపిరి వదిలేస్తే బొమ్మ చెదిరి అంకె నమ్మకం తప్పుతుంది.

అపోహ: గుండెలో చేరిన ఇనుము ఇక పోదు.

వాస్తవం: పోతుంది, మందు మానకపోతే. ముప్పు ఎక్కువుంటే ఇనుము తీసే డెఫెరిప్రోన్ మాత్రలకు డెఫెరాక్సమిన్ పంపు (చర్మం కింద ఆ మందును మెల్లగా ఎక్కించే చిన్న యంత్రం) జోడిస్తారు. పంపు 8 నుంచి 12 గంటలు, వారంలో కనీసం 5 రాత్రులు. డెఫెరిప్రోన్ వాడేవారికి జ్వరమొస్తే మాత్ర ఆపి ఆ రోజే తెల్లకణాల పరీక్ష చేయించాలి. విటమిన్ సి మాత్రలు సొంతంగా వేయొద్దు, అవి దాగిన ఇనుమును కదిపి గుండెకు చేటు చేయగలవు.

అపోహ: సికిల్ సెల్‌కూ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే రక్తవ్యాధికీ) ఇదే లెక్క.

వాస్తవం: కాదు. అక్కడ గుండెలో ఇనుము చేరడం తక్కువ, ఊపిరితిత్తుల్లో పెరిగే రక్తపోటే అసలు భయం. ఎకోలో ట్రైకస్పిడ్ జెట్ (గుండె కుడివైపు కవాటం నుంచి వెనక్కి చిమ్మే రక్తం) వేగం సెకనుకు 2.5 మీటర్లు దాటిందా అన్నది ముందు చూస్తారు.