లారీ ఎయిర్ బ్రేకులు: డబ్బు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ మిగలదు

గాజువాక ఆటోనగర్‌లో ఎయిర్ బ్రేకుల పని చేసే మేస్త్రిని. పోర్టు లోడు, స్టీల్ ప్లాంటు లోడు తోలే బండ్లకు బ్రేకుల్లో ఏదో ఒకటి పోతూనే ఉంటుంది. కానీ పోయిన పార్టు కంటే, బాగున్న పార్టును మార్చడానికే ఓనర్లు ఎక్కువ ఖర్చు పెడుతున్నారు. అది చూస్తే బాధేస్తుంది.

అపోహ: రిలే వాల్వ్ (వెనక చక్రాల బ్రేకులకు గాలి అందించే వాల్వ్) దగ్గర గాలి కారుతోందంటే పోయింది ఆ వాల్వే.

వాస్తవం: చాలాసార్లు తప్పు వెనక చక్రాల స్ప్రింగ్ బ్రేక్ చాంబర్‌లో ఉంటుంది. గాలి ఒత్తిడితో బ్రేకును నడిపే ఈ డబ్బాలో రెండు గదులుంటాయి. ఒకటి కాలి బ్రేకుది, రెండోది స్ప్రింగుతో పట్టే హ్యాండ్ బ్రేకుది, గాలి ఎక్కితేనే అది వదులుతుంది. మధ్యలో ఉండే సీల్ అరిగితే హ్యాండ్ బ్రేక్ వైపు గాలి కాలి బ్రేక్ గదిలోకి దూరి, కాలి బ్రేక్ లైను గుండా వెనక్కి వెళ్ళి రిలే వాల్వ్ ఎగ్జాస్ట్ (గాలి వదిలే రంధ్రం) నుంచి బయటకు వస్తుంది. చూసేవాళ్ళకు వాల్వే కారుతున్నట్టు కనిపిస్తుంది. కొత్త వాల్వ్ వేసినా కారడం ఆగదు.

దీన్ని తేల్చడానికి పైసా ఖర్చు లేదు. బండిని సమతలంలో పెట్టి, చక్రాలకు గట్టిగా అడ్డు వేసి, ట్యాంకులు నిండా గాలి ఎక్కించండి. కాలి బ్రేక్ తొక్కకుండా హ్యాండ్ బ్రేక్ వదిలినప్పుడు గాలి కారి, హ్యాండ్ బ్రేక్ వేయగానే ఆగిపోతే తప్పు చాంబర్‌దే. వేసినా కారుతూనే ఉంటే అప్పుడు వాల్వ్‌ను అనుమానించండి. దానికీ వెంటనే కొత్తది కొనక్కర్లేదు, బాడీ బాగుంటే రిపేర్ కిట్‌తో సరిపోతుంది. కాలి బ్రేక్ తొక్కినప్పుడు మాత్రమే చాంబర్ రంధ్రాల నుంచి బుస్సుమంటే లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్, చిరిగినట్టు.

అపోహ: డయాఫ్రమ్ చిరిగితే చాంబర్ మొత్తం మార్చాల్సిందే.

వాస్తవం: కాలి బ్రేక్ వైపు డయాఫ్రమ్ ఒక్కటే మార్చుకోవచ్చు. అది రబ్బరు ముక్క, చాంబర్ ధరలో చిన్న వంతు. కానీ స్ప్రింగ్ ఉన్న వైపు మాత్రం ఎవరూ విప్పకండి. లోపలి స్ప్రింగు వందల కిలోల బలంతో నొక్కి ఉంటుంది, క్లాంప్ ఊడితే తగిలిన మనిషి బతకడు. కాలి బ్రేక్ వైపు పని చేసేటప్పుడు కూడా కేజింగ్ బోల్టుతో స్ప్రింగును బంధించాకే చెయ్యి పెట్టాలి. స్ప్రింగ్ వైపు పాడైతే కొత్త యూనిట్ వేయాల్సిందే. ఇక్కడ డబ్బు చూసుకోవద్దు.

అపోహ: చాంబర్ పోతే కేజింగ్ బోల్టు బిగించి ఆ ట్రిప్పు పూర్తి చేసుకోవచ్చు.

వాస్తవం: ఆ బోల్టు బండిని దగ్గరలోని వర్క్‌షాపుకు చేర్చడానికే. బిగించిన చక్రానికి హ్యాండ్ బ్రేక్ ఉండదు, గాలి మొత్తం దిగిపోయినా స్ప్రింగ్ పట్టదు. ఆ స్థితిలో లోడుతో అనంతగిరి ఘాట్ దిగడమంటే ప్రాణాలతో ఆటే. చాంబర్‌కు వెళ్ళే గాలి పైపు మూసేసి తోలడమూ అంతే.

అపోహ: ఆటో స్లాక్ అడ్జస్టర్ (బ్రేక్ లైనర్లు అరిగే కొద్దీ ఖాళీని సర్దే పార్టు) వదులైతే చేత్తో బిగించుకుంటే చాలు.

వాస్తవం: అది తనంతట తాను సర్దుకోవాల్సిన పార్టు. పదే పదే వదులవుతోందంటే ఎస్-క్యామ్ (బ్రేకు షూలను తెరిచే షాఫ్టు) బుష్ అరిగిందేమో, చాంబర్ రాడ్‌ను అడ్జస్టర్‌కు కలిపే క్లెవిస్ పిన్ పోయిందేమో, ఫిట్టింగ్ తప్పేమో చూడాలి. బుష్‌తో పోయే పనికి అడ్జస్టర్లు మార్చినవాళ్ళున్నారు.

అపోహ: ఒకవైపు మారిస్తే రెండోవైపూ అన్నీ మార్చాలి.

వాస్తవం: లైనర్లకైతే నిజమే, లేకపోతే బ్రేక్ ఒకవైపు లాగుతుంది. చాంబర్ ఒకటే మార్చవచ్చు, అయితే సైజు, స్ట్రోక్ (రాడ్ కదిలే దూరం) రెండోదానితో సరిగ్గా కలవాలి.

అపోహ: ఎయిర్ డ్రయర్ కార్ట్రిడ్జ్ (గాలిలో తేమను పీల్చే ఫిల్టర్) అనవసరపు ఖర్చు.

వాస్తవం: మన విశాఖలో గాలి నిండా తేమే. ఆ నీరు ట్యాంకులో చేరి వాల్వులను తుప్పు పట్టిస్తుంది. రోజూ ట్యాంకు డ్రెయిన్ చేయండి. నీటితో పాటు నూనె కూడా ఎక్కువగా వస్తుంటే కంప్రెసర్ చూపించండి. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి, నిన్న వేసిన కొత్త సీల్ కూడా పోతుంది. పాత కార్ట్రిడ్జ్ ఉంచి కొత్త వాల్వ్ వేస్తే ఆ డబ్బు నీళ్ళపాలే. వాల్వులతో పోలిస్తే కార్ట్రిడ్జ్ చవక.

అపోహ: కాలిన డ్రమ్ మీద నీళ్ళు పోస్తే బ్రేకులు బాగా పడతాయి.

వాస్తవం: డ్రమ్ పగుళ్ళిస్తుంది. ఆగి చల్లారనివ్వండి.

అపోహ: బిల్లు లేకుండా కొంటే పన్ను మిగులుతుంది.

వాస్తవం: 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్టులన్నిటికీ జీఎస్టీ 18 శాతమే. అంతకు ముందు చాలావాటికి 28 ఉండేది. బిల్లు లేని పార్టు డూప్లికేట్ అని తేలినా, నెలలో పోయినా అడగడానికి చేతిలో ఆధారం ఉండదు. బిల్లులో పార్టు నంబరు రాయించుకోండి, మార్చిన పాత పార్టును అడిగి తీసుకుని, ఎక్కడ పోయిందో మేస్త్రి చేత చూపించుకోండి.