రిసెప్షనిస్టుకు లూథర్ బోధ తెలిసి ఉండాలా?

మతసంస్థ నడిపే రేడియో ఎవరిని కొలువులో పెట్టుకోవాలన్న తగవు అమెరికాలో పాతదే. సియాటిల్‌లోని ఒక క్రైస్తవ రేడియో కేంద్రంలో ఉద్యోగానికి వెళ్లిన వ్యక్తిని ‘మీరు క్రైస్తవులా? మీ జీవిత భాగస్వామి సంగతి?’ అని అడిగారట. ఆ ఫిర్యాదు కోర్టుకెక్కి, 1974లో తీర్పు వచ్చింది. మైకు ముందు మతబోధ చేసేవారి విషయంలో మతం చూడవచ్చు, తక్కినవారి విషయంలో కుదరదన్న ప్రసార కమిషన్ (రేడియోలకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ) వాదనే నెగ్గింది.

ఆ గీత దగ్గరే సెయింట్ లూయిస్‌లోని కేఎఫ్‌యూవో అనే రేడియో కేంద్రం ఇరుక్కుంది. మార్టిన్ లూథర్ బోధను అనుసరించే లూథరన్ చర్చి (మిస్సోరి సినడ్) 1924 డిసెంబరు 14న, ఆదివారం నాడు, తన మతబోధకుల విద్యాలయమైన కంకార్డియా సెమినరీ భవనం అటకమీద దాన్ని ప్రారంభించింది. అక్కడి పాతనిబంధన ఆచార్యుడు వాల్టర్ మేయర్ పట్టుదల దాని వెనుక ఉంది. మొదట్లో కేఎస్‌డీ అనే మరో కేంద్రంతో ఒకే తరంగాన్ని వంతులవారీగా వాడుకుంది. 1940ల మొదట్లో 850 కిలోహెర్ట్జ్‌కు మారింది. రాత్రిపూట ఆ తరంగం డెన్వర్‌లోని కేఓఏ అనే కేంద్రానిది. అంచేత ఆ రోజుల్లో చలికాలంలో పొద్దుగుంకే వేళకు, అంటే సాయంత్రం ఐదు కాకముందే వాక్యోపదేశం ఆపేయాల్సిందే! 1948లో ఎఫ్‌ఎం తోడైంది. తర్వాతి కాలంలో దానిలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినిపించింది.

1990లో లైసెన్సు పునరుద్ధరణ వేళ నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ అభ్యంతరం చెప్పింది. నల్లజాతి ఉద్యోగుల కోసం కేంద్రం తగినంతగా వెతకలేదని దాని ఆరోపణ. తమ ఉద్యోగాలకు లూథరన్ సిద్ధాంతమో, శాస్త్రీయ సంగీతమో తెలిసి ఉండాలని చర్చి బదులిచ్చింది. ఫోను ఎత్తే రిసెప్షనిస్టుకూ, టైపు కొట్టే సెక్రటరీకీ కూడానా? నాకైతే ఈ వాదన కాస్త సాగదీసినట్టే ఉంది. కమిషనూ ఒప్పుకోలేదు. లైసెన్సు ఇచ్చింది, 25,000 డాలర్ల జరిమానా వేసింది.

తీరా 1998 ఏప్రిల్‌లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు కమిషన్ పెట్టిన ఉద్యోగ నియామకాల నిబంధనల మీదే వేటు వేసింది. స్థానిక జనాభా నిష్పత్తితో సిబ్బందిని పోల్చడం వల్ల జాతి చూసి ఉద్యోగమివ్వాలన్న ఒత్తిడి కేంద్రాల మీద పడుతోందనీ, అది రాజ్యాంగానికి విరుద్ధమనీ తేల్చింది. అంతకు రెండు నెలల ముందే కమిషన్ తనంతట తాను మెత్తబడింది. మతసంస్థల కేంద్రాలు ఏ ఉద్యోగానికైనా మతాన్ని అర్హతగా పెట్టుకోవచ్చని ప్రకటించింది.

సంగీతం తెలిసిన సిబ్బంది కావాలన్న ఎఫ్‌ఎం మాత్రం చర్చి చేతిలో నిలవలేదు. 2010లో కోటీ 80 లక్షల డాలర్లకు అమ్మేశారు.