పాత పూల్ బాగుచేసుకుంటున్నారా? ముందు ఆ మోటారు ఆపండి

డాలస్ చుట్టుపక్కల ప్లానో, రిచర్డ్‌సన్, ఇర్వింగ్‌లలో 1970, 80 దశకాల నాటి ఇళ్లు కొంటున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. మంచి స్కూలు, పెద్ద పెరడు, ఆ పెరట్లో ఒక గునైట్ పూల్, అంటే కాంక్రీటు చిమ్మి కట్టింది. ప్లాస్టర్ గరుకెక్కి పిల్లల పాదాలు గీసుకుపోతుంటాయి. నీటి అంచు వెంబడి టైలు ఊడుతుంటాయి. లైటు ఎప్పుడో పోయి ఉంటుంది. కాంట్రాక్టరు చెప్పిన ధర విని కళ్లు తిరిగి, మనమే చేసుకుందాం అనుకుంటారు. అందులో తప్పేమీ లేదు. ఇంటివాళ్లు చేసుకోగలిగిన పనులు ఇందులో చాలానే ఉన్నాయి. పూల్స్ బాగుచేసే పనిలో ఉన్న నా గోడంతా మొదటి రోజు చేసే పని గురించే. అద్దెకు ఒక మోటారు తెచ్చి, నీళ్లన్నీ తోడిపారేస్తారు.

అపోహ: ఖాళీ పూల్‌కు ఏమవుతుంది? కాంక్రీటే కదా!

తేలుతుంది. నమ్మలేకపోతే బావిలో వదిలిన ఖాళీ బిందెను గుర్తు తెచ్చుకోండి. పూల్‌ను నేలలో పట్టి ఉంచేది ప్రధానంగా అందులోని నీటి బరువే.

లెక్క కావాలంటే ఇదిగో. అడుగు ఎత్తు నీరు చదరపు అడుగుకు సుమారు 62 పౌండ్ల ఒత్తిడి చూపిస్తుంది. ఆరంగుళాల మందమున్న కాంక్రీటు అడుగుభాగం బరువు చదరపు అడుగుకు సుమారు 75 పౌండ్లు. పూల్ అడుగుకన్నా మూడడుగుల ఎత్తు వరకు చుట్టూ మట్టిలో నీరు నిలిచి ఉందనుకోండి. కింది నుంచి 187 పౌండ్లు పైకి తోస్తుంటే, 75 పౌండ్లు దాన్ని ఆపాలి. గోడల బరువు, పక్కనున్న మట్టి పట్టు కొంత ఆదుకుంటాయి. ఎంతవరకు ఆదుకుంటాయో మాత్రం ఎవరూ హామీ ఇవ్వరు, నేను కూడా ఇవ్వను.

పూల్ లేచిందంటే స్కిమ్మర్ (నీటి మీద తేలే చెత్తను లాగే, గోడలోని పెట్టె) దగ్గర పైపులు తెగుతాయి, కోపింగ్ రాళ్లు (పూల్ అంచు మీద పరిచినవి) లేస్తాయి, డెక్ (చుట్టూ ఉన్న గచ్చు) పగులుతుంది. కింద ఏర్పడిన ఖాళీలోకి బురద చేరుతుంది కాబట్టి, తిరిగి నీళ్లు నింపినా అది పాత చోటికి దిగదు. ఇన్సూరెన్సు ఉంది కదా అంటారు. ఇంటి పాలసీ తీసి మినహాయింపుల పేజీ చదవండి. భూమిలోపలి నీరు పునాది మీద, స్విమ్మింగ్ పూల్ మీద చూపే ఒత్తిడి వల్ల కలిగే నష్టం తమ బాధ్యత కాదని మామూలు పాలసీల్లో పేరుపెట్టి మరీ రాసి ఉంటుంది.

అపోహ: ఇక్కడ భూగర్భజలం ఎంతో లోతులో ఉంది, మనకు ఆ భయం లేదు

ఈ మాట నాకు ఎక్కువగా చెప్పేది ఇంజనీర్లే. ఫోన్లో మ్యాపు కూడా చూపిస్తారు. బోరు వేయడానికి ఆ మ్యాపు పనికొస్తుందేమో, దీనికి కాదు. ఉత్తర టెక్సాస్‌లో చాలాచోట్ల ఉన్నది నల్లరేగడి లాంటి బంకమన్ను. తడిస్తే ఉబ్బుతుంది, నీటిని తొందరగా కిందకు వదలదు. పూల్ కోసం ఒకప్పుడు తవ్విన గోతికీ కాంక్రీటుకీ మధ్య పోసిన మట్టి వదులుగా ఉంటుంది. వాన నీరు, స్ప్రింక్లర్ల నీరు, ఇంటి చూరు నుంచి గొట్టం ద్వారా దిగే నీరు వచ్చి అక్కడే నిలుస్తాయి.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. చాలామంది పూల్ కారుతోందనే ఖాళీ చేస్తారు. నెలల తరబడి కారిన ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి? పూల్ కిందకే. అంటే ఖాళీ చేయాలని అందరికంటే ఎక్కువ తొందరపడే వారికే ప్రమాదం కూడా ఎక్కువ. దానికి తోడు, వేసవికి సిద్ధం చేద్దామని పని మొదలుపెట్టేది ఏప్రిల్, మే నెలల్లో. డాలస్‌లో వానలు ఎక్కువగా పడే కాలమే అది.

ప్లానోలో ఒకరింటికి వెళ్లాను. పూల్ ఇంటికి నైరుతిలో ఉంది. ఇండియా నుంచి వచ్చిన పెద్దాయన వాస్తు ప్రకారం అక్కడ నీళ్లుండకూడదని పట్టుబట్టారు. పూడ్పించడానికి మంచిరోజు చూసేలోగా నీళ్లయినా తీసేయమన్నారు, అల్లుడు తీసేశాడు. తర్వాత వానలు పట్టుకున్నాయి. "అన్నయ్యగారూ, మెట్ల పక్కన డెక్ లేచినట్టుంది, నిన్న ఇలా లేదు" అని ఆ ఇంటావిడ ఫోను చేసింది. వెళ్లి చూస్తే ఒక పక్క బెత్తెడు లేచి ఉంది. నేను కొలుస్తున్నంతసేపూ ఆ పెద్దాయన గదిలోంచి బయటికి రాలేదు. వెళ్లేటప్పుడు ఆయన దగ్గరికి వెళ్లి, తెలియక జరిగింది, ఇక్కడే పుట్టిపెరిగినవాళ్లూ ఇదే పని చేస్తారు, బాధపడకండి అని చెప్పాను. అది నిజం కూడా.

వాస్తుతో నాకు పేచీ లేదు. కానీ పూడ్చడానికి కూడా ఒక పద్ధతి ఉంది. సాధారణంగా నగరపాలక సంస్థ పర్మిట్ తీసుకోవాలి. నీరు ఇంకిపోయేలా అడుగున రంధ్రాలు కొట్టాలి. గోడల పైభాగం పగలగొట్టి, పొరలు పొరలుగా మట్టి వేసి దట్టించాలి. ఊరికే మట్టి పోస్తే అది చెరువవుతుంది.

మరి ఖాళీ చేయాలంటే?

వాన సూచన లేని వారం చూసుకోండి. లోతు ఎక్కువున్న చోట మెయిన్ డ్రెయిన్ (అడుగు నుంచి నీటిని పంపుకు లాగే తూము) గుంతలో హైడ్రోస్టాటిక్ రిలీఫ్ వాల్వ్ ఉంటుంది, లేదా ఉండాలి. బయటి నీటి ఒత్తిడి పెరిగితే అది తెరుచుకుని నీటిని లోపలికి వదులుతుంది. పాత పూల్స్‌లో కొన్నింటికి అది ఉండనే ఉండదు. కొన్నింటిలో ఒకటి రెండుసార్లు ప్లాస్టర్ వేయడంతో పూడుకుపోయి ఉంటుంది. అందుకే మేము దాన్ని నమ్ముకోం. నీరు దిగాక లోతైన చోట కాంక్రీటులో రంధ్రం కొడతాం. కింది నుంచి ఊరిన నీటిని మోటారుతో తోడుతూ ఉంటాం. పని పూర్తయ్యాక, తడిలోనూ గట్టిపడే హైడ్రాలిక్ సిమెంటుతో మూసేస్తాం. తోడిన నీటిని వీధి కాలువలోకి వదలవచ్చో, మురుగు పైపులోకే వదలాలో మీ నగరం నిబంధన చూసుకోండి.

ఇప్పటికే ఖాళీ చేసి ఇది చదువుతున్నవారు కంగారుపడకండి. ఖాళీ చేసిన ప్రతి పూల్ లేవదు. డెక్‌కీ కోపింగ్‌కీ మధ్య, స్కిమ్మర్ చుట్టూ కొత్త సందులు ఏమైనా వచ్చాయేమో చూడండి. వస్తే లోపలికి దిగకుండా తెలిసినవారిని పిలవండి. ఏమీ లేకపోతే, ఆకాశం మబ్బు పడుతుంటే, గొట్టం పెట్టి నింపడం మొదలుపెట్టండి. లోపలున్న అడుగు నీరు బయటి అడుగు నీటికి సరిపోతుంది. రెండడుగులు నిండినా మేలే.

ఫైబర్‌గ్లాస్ పూల్ అయితే బరువు అసలే తక్కువ, మీరు ముట్టుకోకండి. వినైల్ లైనర్ (లోపల ప్లాస్టిక్ షీటు పరిచిన పూల్) అయితే నీళ్లు తీయగానే లైనర్ ముడుచుకుంటుంది, గోడలు లోపలికి ఒరగవచ్చు. హ్యూస్టన్‌లో, ఫ్లోరిడాలో తుఫాను వస్తోందంటే పొర్లిపోతుందని పూల్ ఖాళీ చేసేవాళ్లున్నారు. పొర్లితే పెరడు తడుస్తుంది, అంతే.

అసలు ఖాళీ చేయాల్సిన పనులు అనుకున్నన్ని లేవు. లైటు మార్చాలంటే బ్రేకరు ఆపి స్క్రూ విప్పండి. వెనక చుట్టి ఉంచిన వైరుతో అది డెక్ మీదికే వస్తుంది. టైలుకు, కోపింగ్‌కు అడుగో అడుగున్నరో దించితే చాలు. చిన్న పగుళ్లకు నీటిలోనే గట్టిపడే ఎపాక్సీ ఉంది. కారుతోందా, ఎండకు ఆవిరవుతోందా అన్న అనుమానమైతే ఒక బకెట్‌లో నీళ్లు నింపి పూల్ మెట్టు మీద ఉంచండి. బకెట్‌ లోపలి మట్టం, పూల్ మట్టం గుర్తుపెట్టి, పంపు ఆపి మర్నాడు చూడండి. రెండూ సమానంగా తగ్గితే అది ఎండ పని.

మిగతావి త్వరత్వరగా

ప్లాస్టర్ మీద పెయింట్ వేస్తే సరిపోతుందా? సుత్తితో తట్టి చూడండి. బోలు శబ్దం వచ్చినచోట ప్లాస్టర్ వదిలేసింది, దాని మీద ఏ పెయింటూ నిలవదు. పైగా తర్వాత ప్లాస్టర్ వేసేటప్పుడు ఆ పెయింటంతా గీకాలి, డబ్బు రెట్టింపు.

ప్లాస్టర్ సొంతంగా వేసుకోవచ్చా? వద్దు. అది ఒక్క పూటలో నలుగురైదుగురు చేయి తిరిగిన మనుషులు ముగించాల్సిన పని. ఆ తర్వాత నీళ్లు మధ్యలో ఆపకుండా నింపాలి, ఆపితే అక్కడ గీత పడి అలాగే ఉండిపోతుంది.

ఉప్పునీటి పూల్‌లో క్లోరిన్ ఉండదా? ఉంటుంది. ఆ యంత్రం ఉప్పు నుంచి తయారుచేసేది క్లోరిన్‌నే. కొత్త ప్లాస్టర్ వేశాక నెల వరకు ఉప్పు వేయకండి.

పాత పంపు గట్టిది, మార్చడం దండగా? వేగం మార్చుకోగల పంపులో వేగం సగానికి తగ్గిస్తే గంటకు వాడే కరెంటు సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మీ బిల్లు, మీ ఇష్టం.

మెయిన్ డ్రెయిన్ మూత పగల్లేదు కదా అని వదిలేయకండి. అమెరికా చట్టం 2008 డిసెంబరు నుంచి సురక్షితమైన మూతలనే అమ్మనిస్తోంది. అంతకుముందువి, ముఖ్యంగా చదునుగా ఉన్నవి, పిల్లల జుట్టునూ ఒంటినీ పట్టి లాగేయగలవు. కొత్త మూత మీద ఎన్నేళ్లు పనికొస్తుందో రాసి ఉంటుంది.

చివరిది కరెంటు. డెక్ పగలగొట్టేటప్పుడు మట్టిలో చుట్టూ పోయే లావాటి రాగి తీగ కనిపిస్తే, తెగిపోయినా ఫరవాలేదు, గ్రౌండింగ్ వేరే ఉందిగా అంటారు. ఆ తీగ చేసే పని వేరు. పూల్‌లోని ఇనుప చువ్వలు, నిచ్చెన, పంపు, డెక్ అన్నింటినీ ఒకే విద్యుత్ స్థితిలో ఉంచేది అదే. అది తెగితే నిచ్చెన పట్టుకున్న తడిచేతికి షాక్ తగలవచ్చు, బ్రేకరు పడిపోకపోనూవచ్చు. అది కనిపించినచోట సుత్తి పక్కన పెట్టి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తెగితే కలిపేది, కాంక్రీటు పోయకముందు పరీక్షించేది ఆయనే.