సెగ్గడ్డలు, చీము, కాలి వాపులు: అపోహలు - వాస్తవాలు

"మామిడిపళ్లు తెగ తిన్నాడు డాక్టర్ గారూ, వేడి చేసి గడ్డ లేచింది." వేసవిలో ఒక సర్జన్ రోజూ వినే మాట ఇది. పండుకీ గడ్డకీ సంబంధం లేదు. తొడిమ దగ్గరి సొన అంటుకుంటే మూతి చుట్టూ పొక్కులు వస్తాయి, నిజమే, కానీ అది వేరే సంగతి. సెగ్గడ్డకి అసలు కారణం చాలావరకు స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. 1880లోనే స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ గడ్డల చీముని మైక్రోస్కోప్ కింద పెట్టి, గుత్తులు గుత్తులుగా ఉన్న ఈ క్రిముల్ని చూపించాడు. మనలో సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఏ హానీ చెయ్యకుండా ఉంటుందది. ఎండాకాలం చెమట, బిగుతు బట్టల రాపిడి, గోకుడు తోడైతే వెంట్రుక కుదుట్లోకి దిగి గడ్డ కడుతుంది.

"కోత వద్దు, మంచి పవరున్న యాంటీబయాటిక్ రాయండి, కరిగిపోతుంది." నేను గట్టిగా చెప్పదలుచుకున్నది దీని గురించే. గడ్డ ఇంకా ఎర్రగా, గట్టిగా ఉండి చీము పట్టకముందు అయితే గోరువెచ్చటి కాపడంతో, అవసరమైతే మందులతో అణిగిపోవచ్చు. చీము చేరాక సంగతి వేరు. ఆ చీము చుట్టూ శరీరం ఒక గోడ కట్టేస్తుంది, లోపలికి రక్తం పోదు, రక్తం పోనిచోటికి మాత్రా సరిగా పోదు. మెడికల్ షాపులో మూడు రోజులకో మందు మార్చి మార్చి వాడుతూ కూర్చుంటే లోపల చీము కండ పొరల వెంట పక్కకి పాకుతుంటుంది. కోసి చీము తీసెయ్యడమే దానికి వైద్యం. చిన్న గడ్డ, జ్వరం లేదు, షుగర్ లేదు అనుకోండి, చాలామందికి ఆ కోత ఒక్కటే సరిపోతుంది. యాంటీబయాటిక్ కూడా కలపాలా వద్దా అన్నది గడ్డ సైజు, చుట్టూ ఎరుపు, మనిషి ఒంటి స్థితి చూసి డాక్టర్ నిర్ణయించాల్సిన విషయం.

కోత అంటే భయం సహజం. చీము పట్టినచోట లోకల్ మత్తు పూర్తిగా పని చెయ్యదు, అక్కడి ఆమ్లగుణం మందుని బలహీనం చేస్తుంది. అందుకే పెద్ద గడ్డలకి కాసేపు నిద్రపుచ్చే మత్తు ఇస్తాం. పైన చిన్న గాటు పెట్టి వదిలేస్తే నోరు మూసుకుపోయి మళ్లీ నిండుతుంది కాబట్టి, సరిపడా కోసి, లోపలికి వేలు పోనిచ్చి గదులు గదులుగా ఉన్న చీముని ఒకటిగా కలిపి, సెలైన్‌తో కడుగుతాం. రాత్రంతా సలుపుతో నిద్రపోని మనిషి ఆ తర్వాత కాసేపటికే హాయిగా పడుకుంటాడు.

గడ్డ "పండటానికి" సున్నం, బెల్లం పట్టు వెయ్యకండి. సున్నం చర్మాన్ని కాల్చేస్తుంది, గడ్డతో పాటు కాలిన పుండు కూడా తోడవుతుంది. మొహం మీద, ముఖ్యంగా ముక్కు, పైపెదవి దగ్గర లేచినదాన్ని గిల్లొద్దు, పిండొద్దు. అక్కడి రక్తనాళాలకి మెదడు దగ్గరి నాళాలతో లంకె ఉంది. అరుదే అయినా, ఇన్ఫెక్షన్ అటు పాకితే ప్రాణం మీదికి వస్తుంది.

"షుగర్ ఉంది కదా, కోస్తే మానదు." ఈ మాట నమ్మి ఆలస్యం చేసి కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, చెప్పడానికే బాధగా ఉంటుంది. లోపల చీము ఉన్నన్నాళ్లు షుగర్ దిగిరాదు. చీము పోయి, ఇన్సులిన్ సరిగా పడితే రెండూ దారికి వస్తాయి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయినవాళ్లకి ముల్లు దిగినా, చెప్పులో రాయి నలిగినా తెలియదు. "నొప్పి లేదు కదా" అని తేలిగ్గా తీసుకోకూడనిది వాళ్లే.

పథ్యం గురించి ఇంట్లో పెద్దవాళ్లతో నిత్యం వాదనే. పప్పు తింటే చీము పడుతుందట, గుడ్డు పెట్టకూడదట, వంకాయ అసలే వద్దట. పుండు పూడాలంటే ప్రోటీన్ కావాలమ్మా! పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు అన్నీ పెట్టండి. ఇక టీటీ ఇంజెక్షన్ ధనుర్వాతం రాకుండా చేస్తుందే తప్ప చీము పట్టకుండా ఆపదు.

కాలు ఎర్రగా వాచి, ముట్టుకుంటే కాలిపోతూ, చలిజ్వరంతో గజ్జల్లో బిళ్ల కట్టిందంటే అది సెల్యులైటిస్, అంటే చర్మానికీ దాని కింది పొరకీ పట్టే ఇన్ఫెక్షన్ కావచ్చు. ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా పని. ఇక్కడ మాత్రం యాంటీబయాటిక్సే ప్రధాన వైద్యం, కోసి తియ్యడానికి చీము ఉండదు. కాలిని దిండ్ల మీద ఎత్తి పెట్టుకోవడం సగం బలం. మందు మొదలుపెట్టిన రోజు ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీస్తాం. మొదటి ఒకట్రెండు రోజులు గీత కాస్త దాటినా జ్వరం, నొప్పి తగ్గుతుంటే కంగారు పడక్కర్లేదు. క్రిమి లోపలికి వచ్చిన దారి తరచూ కాలివేళ్ల సందుల్లో తెల్లగా నాని చీలిన చర్మమే, దానికీ మందు రాయకపోతే మళ్లీ వస్తుంది. బోదకాలు ఉన్నవాళ్లకి ఇలా పదేపదే జ్వరం, వాపు వచ్చేది అందుకే. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడుచుకుంటే ఆ రావడాలు బాగా తగ్గుతాయి.

పైకి కనిపించే ఎరుపు కొంచెమే, నొప్పి మాత్రం ఓర్చుకోలేనంత ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. చర్మం నల్లబడటం, నీటి బుడగలు, నొక్కితే కరకరమనడం, మనిషి మత్తుగా అయిపోవడం, వీటిలో ఏది కనిపించినా అంతే. లోపలి పొరలు గంటల్లో కుళ్లిపోయే ఇన్ఫెక్షన్ అది, ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి.